మడత చాకుకి రెండు గండాలు: ఉప్పుగాలి, తనిఖీ

జేబు చాకు అంటే చాలామందికి ఎర్ర పిడి స్విస్ చాకే గుర్తొస్తుంది. గోదావరి జిల్లాల అసలు జేబు చాకు మాత్రం కడియం, కడియపులంక నర్సరీల్లో ఉంటుంది. మామిడికీ గులాబీకీ అంటు కట్టేవాళ్ల చేతిలో రోజంతా ఆడుతూ, పని అయ్యాక మడిచి జేబులో పడేసేది. సేకరణ మొదలుపెట్టేవాళ్లకి నా సలహా, ముందు అదే కొనండి. ధర తక్కువ, ఏ పనికో స్పష్టంగా తెలుస్తుంది, ఎవరైనా ఆపి అడిగితే వ్యవసాయ పనిముట్టని ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఈ మూడో సంగతి ఎంత ముఖ్యమో కింద వస్తుంది.

అంటు చాకు కొనేటప్పుడు బ్లేడు మొన కంటివైపు తిప్పుకుని చూడాలి. వంటింటి కత్తికి రెండు పక్కలా వాలు ఉంటుంది. మంచి అంటు చాకుకి ఒక పక్క అద్దంలా చదునుగా, రెండో పక్కే వాలుగా ఉంటుంది. చదును పక్క కొమ్మ మీద ఆని జారితేనే కోత వంకర లేకుండా వస్తుంది. కోత వంకరైతే పుల్లకీ మొక్కకీ మధ్య సందు మిగులుతుంది, ఆ సందులో అంటు ఎండిపోతుంది. కుడిచేతివాళ్ల చాకు ఎడమచేతివాళ్లకి పనికిరాదు కాబట్టి వాలు ఏ పక్క ఉందో అడిగి కొనాలి. మొగ్గ అంటుకి వాడే చాకులో బ్లేడు వెన్ను మీదో, పిడి చివరో చిన్న నాలుక లాంటిది ఉంటుంది. బెరడు చీల్చాక దాన్ని పైకి లేపడానికి అది. అది విరిగినవి సెకండ్ హ్యాండ్‌లో చాలా కనిపిస్తాయి.

సెకండ్ హ్యాండ్ వాటిలో అసలు జబ్బు వేరే ఉంది. సైకిల్ మీద సాన పట్టేవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చిన ప్రతి అంటు చాకునీ రెండు పక్కలా అరగదీసి ఉంటారు. కనిపెట్టడం తేలికే. చదును పక్కని అద్దం ముక్క మీద ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టండి. అంచు కింద సన్నగా వెలుతురు గీత కనిపించినా, బ్లేడు ఉయ్యాలలా ఊగినా చదును పోయినట్టే. 400 నంబరు నీటి రాయి (నీళ్లు చల్లి నూరే సానరాయి) మీద చదును పక్కని పూర్తిగా ఆనించి గంటా గంటన్నర రుద్దితే తిరిగి వస్తుంది. అంత ఓపిక లేకపోతే ఆ చాకు కొనకండి.

ఇక స్విస్ చాకులు. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో దుకాణం పెట్టాడు, 1891లో స్విస్ సైన్యానికి మొదటిసారి చాకులు ఇచ్చాడు, 1897లో ఆఫీసర్ల చాకుకి హక్కులు నమోదు చేయించుకున్నాడు. తల్లి విక్టోరియా 1909లో పోయాక కంపెనీకి ఆమె పేరు పెట్టాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కుని సూచించే ఐనాక్స్ దానికి కలిసి విక్టోరినాక్స్ అయింది. సేకరించేవాళ్లకి ఇందులో పనికొచ్చేది వెంగర్ సంగతి. పోటీ కంపెనీ అయిన వెంగర్‌ని విక్టోరినాక్స్ 2005లో కొనేసి, 2013లో ఆ చాకులనూ తన పేరు కిందికి తెచ్చుకుంది. అందుకే వెంగర్ ముద్ర ఉన్న చాకంటే ఆగిపోయిన సరుకు. సైన్యానికి ఇచ్చిన అల్యూమినియం పిడి 93 మిల్లీమీటర్ల సోల్జర్ చాకు ఇంకా ముచ్చటైనది. 1961 నుంచి 2008 దాకా ఇచ్చారు, ఏ ఏడాదిదో బ్లేడు మొదట్లో రెండంకెల్లో కొట్టి ఉంటుంది. వరసగా ఏడాదికొకటి చొప్పున పోగేసేవాళ్లున్నారు.

నకిలీల విషయంలో ఒక అపోహ ఉంది. పిడి మీద సిలువ గుర్తు లోహంతో పొదిగి ఉంటే అసలుదనీ, ముద్ర కొట్టి ఉంటే నకిలీ అనీ అనుకుంటారు. నైలాన్ పిడి మోడళ్లలో కంపెనీయే ముద్ర కొడుతుంది, అది చూసి పారేయక్కర్లేదు. నమ్మదగిన పరీక్ష చెవిది. పెద్ద బ్లేడు తెరిచినప్పుడు చివరికి వచ్చేసరికి టక్‌మని గట్టిగా పడాలి, మూసేటప్పుడూ అదే చప్పుడుతో లోపలికి లాక్కోవాలి. మెత్తగా, చప్పుడు లేకుండా తెరుచుకుంటే స్ప్రింగు బలహీనం. తెరిచిన బ్లేడు మొన పట్టుకుని అటూ ఇటూ కదిపితే కదలకూడదు. మూసి వెలుతురులో చూస్తే బ్లేడు పక్క రేకుకి తగలకుండా మధ్యలో కూర్చోవాలి. తగిలే బ్లేడు ప్రతిసారీ తన పదునుని తానే తినేస్తుంది.

ఫ్రాన్సు చాకు ఒపినెల్‌కి మన ఊళ్లలో ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1890లో సవాయ్ కొండల్లో పుట్టిన చాకు ఇది. బీచ్ చెక్క పిడిలో చీలిక, ఆ చీలికలో బ్లేడు, 6వ నంబరు నుంచి పైవాటికి తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా పట్టే, 1955లో వచ్చిన తిరిగే రింగు తాళం, అంతే నిర్మాణం. అంత సరళమైన వస్తువుని తొలకరి పడ్డాక కోనసీమలో తెరవబోతే రాదు! చెక్క తేమ పీల్చి ఉబ్బి బ్లేడుని రెండు పక్కలా పట్టేసుకుంటుంది. గోరుతో లాగితే గోరు విరుగుతుంది, శ్రావణంతో లాగితే బ్లేడు గీతలు పడుతుంది. సవాయ్ రైతులు చేసే పని వేరు. రింగుని తెరిచిన స్థితికి తిప్పి, పిడి వెనక కొసని బల్ల అంచుకేసి ఒక దెబ్బ వేస్తారు. బ్లేడు మొన ఒక సెంటీమీటరు బయటికి ఎగదన్నుతుంది, దాన్ని పట్టుకుని తెరుస్తారు.

అది తాత్కాలికం. శాశ్వతంగా పోవాలంటే ఎండాకాలంలో, చెక్క బాగా ఆరి ఉన్నప్పుడు పని పట్టాలి. 240 నంబరు సాండ్‌పేపర్ మడిచి చీలిక లోపలి గోడల్ని, ముఖ్యంగా బ్లేడు తిరిగే మేకు చుట్టుపక్కల, ఒక్కో పక్క పదిహేను ఇరవై సార్లు రుద్దాలి. తర్వాత అవిసె నూనె వెచ్చచేసి పత్తితో లోపలా బయటా పట్టించి, రెండు రోజులు గాలికి ఆరబెట్టి, మళ్లీ పట్టించాలి. మూడు పూతలు చాలు. నూనె అద్దిన పత్తిని ఉండ చుట్టి మూల పడేయకండి, అవిసె నూనె గుడ్డ తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో ముంచి పారేయండి. కొత్త చాకునే మరీ ఎక్కువ రుద్దితే పొడి కాలంలో బ్లేడు వదులై ఊగుతుంది. తక్కువ రుద్ది ఒక వర్షాకాలం చూసి, కావాలంటే మళ్లీ రుద్దుకోవచ్చు.

ఒపినెల్‌లో కార్బన్ ఉక్కుదీ ఉంది, స్టెయిన్‌లెస్‌దీ ఉంది. డెల్టాలో ఉండేవాళ్లకి స్టెయిన్‌లెస్ చెప్పడం పద్ధతి. నాకు కార్బన్ ఉక్కే ఇష్టం. పచ్చి మామిడికాయ రెండు కోస్తే బ్లేడు మీద నీలి నలుపు మచ్చలు తేలతాయి. అది తుప్పు కాదు, తోమకండి. ఆ నల్లపొర గట్టిపడేకొద్దీ అసలు తుప్పుని ఆపుతుంది. నారింజ రంగులో పొడి రాలేదే తుప్పు. మొదట ఎక్కడ వస్తుందో కూడా తెలుసుకోండి: గోరు పెట్టి తెరిచే గాడిలో, కంపెనీ ముద్ర అక్షరాల్లో, మేకు పక్కన. బ్లేడు మధ్యలో మెరుస్తున్నా గాడిలో నారింజ చుక్క ఉంటే పని మొదలైందన్నమాట.

దక్షిణాదిలో తాటాకుల మీద రాసే రోజుల నాటి గంటం, చాకు రెండూ ఒకే పిడిలోకి మడిచే రకం ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. ఆకు అంచులు కత్తిరించడానికి చాకు, రాయడానికి గంటం. అయితే వందేళ్లు దాటిన వస్తువుకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, విదేశాలకు పంపకూడదు. పిడి ఏనుగు దంతందో, జింక కొమ్ముదో అయితే ఎంత పాతదైనా కొనొద్దు. అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. అమ్మేవాడు ‘తాతల నాటిదండీ’ అంటే అది రశీదు అవదు. ఎముక పిడి అంటే పశువు ఎముక, అది పరవాలేదు. ఎముకలో సన్నని చుక్కలూ గీతలూ కనిపిస్తాయి, దంతంలో అడ్డకోత దగ్గర వల అల్లినట్టు ఒకదాన్నొకటి దాటే గీతలుంటాయి.

తేమ సంగతి

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకి తుప్పు ఊపందుకుంటుంది. మన దగ్గర దాదాపు ఏడాదంతా అంతకు పైనే. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ పక్కనైతే గాలిలోని ఉప్పు తోడై ఇంకా ముందే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ అంటే మరక పడనిదని కాదు, ఆలస్యంగా పడేదని.

మొదటి తప్పు తోలు పౌచ్. చూడ్డానికి బాగుంటుంది కానీ తోలు తేమని పీల్చి వదలదు, పచ్చితోలుని శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలూ అందులో ఉంటాయి. ఇత్తడి రేకులున్న చాకుని తోలులో ఆరు నెలలు ఉంచితే మేకుల చుట్టూ పచ్చగా మైనం లాంటి చిలుము కడుతుంది. రెండో తప్పు వార్తాపత్రిక చుట్టడం. మూడోది, మన ప్రాంతానిదే, కొబ్బరినూనె. ఇంట్లో ఉంది కదా అని కీలులో రెండు చుక్కలు వేస్తారు. కొన్నాళ్లకి అది చిక్కబడి జిగురై, దుమ్ముని పట్టుకుని పేస్టు అవుతుంది. పైగా 24 డిగ్రీల దగ్గర పేరుకునే నూనె అది. ధనుర్మాసం తెల్లవారుజామున చాకు బిగుసుకుపోయిందంటే తుప్పు కాదు, లోపల కొబ్బరినూనె గడ్డకట్టింది. దానికి ఒక్క పని మాత్రం బాగా వచ్చు. పనసకాయ కోశాక బ్లేడుకి అంటిన పాలజిగురుని కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే వెంటనే వదులుతుంది. తర్వాత సబ్బుతో కడిగేయాలి.

కీలుకి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడండి. విరేచనానికి ఇచ్చేదే, వాసన ఉండదు, చెడదు, అదే చాకుతో పండు కోసుకోవచ్చు. ఒక్కో కీలుకి ఒక చుక్క, సూది లేని సిరంజితో. కుట్టుమిషన్ నూనె కూడా కీలుకి మంచిదే, తినేవి కోసే చాకుకి మాత్రం వద్దు. కడగాల్సి వస్తే గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచి నీళ్లలోనే పదిసార్లు తెరిచి మూస్తే కీలులోని నలుసులు బయటికొస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో చివరి కడుగు తాగే నీళ్లతో చేయాలి. తర్వాత అన్ని బ్లేడులూ సగం తెరిచి ఫ్యాను కింద రెండు గంటలు పెట్టి అప్పుడు నూనె వేయాలి. తడి మీద నూనె వేస్తే తేమని లోపల పెట్టి తాళం వేసినట్టే.

దాచడానికి రబ్బరు అంచు మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, ఉతికిన నూలు గుడ్డ, 100 గ్రాముల సిలికా జెల్ చాలు. వాడకంలో లేని బ్లేడులకి వ్యాజలీన్ పల్చగా రాయండి. నారింజ రంగు సిలికా జెల్ తెచ్చుకోండి, నీలం దాంట్లో కోబాల్ట్ ఉంటుంది, వంటింట్లో వేడి చేసే వస్తువు కాదు. రంగు మారగానే 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచితే మళ్లీ పనికొస్తుంది. వరదల నెలల్లో పదిహేను రోజులకొకసారి రంగు చూడాలి.

ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో చాకు తోమితే పులుపు ఉక్కుని కొరికి గుంటలు పెడుతుంది. తుప్పు చుక్కకి నూనె వేసి ఒక రాత్రి వదిలి, నాలుగు సున్నాల (0000, బాగా సన్నని రకం) స్టీల్ ఊల్‌తో వేలి కొసతో రుద్దండి. గుంట పడిపోయి ఉంటే దాన్ని అలాగే వదిలేయండి. గుంట పోయేదాకా అరగదీస్తే ముద్ర పోతుంది, ముద్ర పోతే సేకరణలో విలువ పోతుంది.

నూరడం గురించి రెండు మాటలు. కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు. బ్లేడు వెడల్పులో నాలుగో వంతు ఎత్తున వెన్నుని రాయి మీద నుంచి లేపితే దాదాపు 15 డిగ్రీలు, మూడో వంతు లేపితే 20 డిగ్రీల దరిదాపు. 14 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడుకి మూడున్నర మిల్లీమీటర్లన్నమాట. అంచుకి మార్కర్ పెన్నుతో రంగు వేసి రెండుసార్లు రుద్ది చూడండి. రంగు అంచు దగ్గర పోతే కోణం సరి, వెనకాలే పోతే వెన్ను కొంచెం ఎత్తాలి. 1000 నంబరు రాయి, ఆ తర్వాత 3000, ఆఖరున పాత తోలు బెల్టు గరుకు పక్క. కరెంటు గ్రైండరు మాత్రం ముట్టనివ్వకండి. అంచు ఎండుగడ్డి రంగుకి తిరిగిందంటే వేడి 220 డిగ్రీల దగ్గర, నీలం తిరిగితే 300 దగ్గర. నీలం తిరిగిన చోట ఉక్కు మెత్తబడిపోయి ఉంటుంది, ఎంత నూరినా రెండు తమలపాకులు కోసేసరికి మొద్దుబారుతుంది.

బయటికి తీసుకెళ్లేటప్పుడు

ఎక్కువమంది అడిగేది ఇదే: ఎన్ని అంగుళాల దాకా పరవాలేదు? ఆయుధాల చట్టం 1959, దాని కింద 2016 నాటి నిబంధనలు చెప్పే కొలత 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు. అది దాటిన కత్తులు, బాకులు, ఖడ్గాలు అయిదో వర్గం ఆయుధాలు. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర, పరిశ్రమల పనికీ తయారైనవి అందులోకి రావు. కొబ్బరిబొండాల కత్తి 2 అంగుళాలు దాటినా అందుకే ఆయుధం కాదు. అయిదో వర్గం వస్తువుల తయారీ, అమ్మకం 5వ సెక్షన్ కిందికి వస్తాయి. 4వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దగ్గర ఉంచుకోవడానికి, వెంట తీసుకెళ్లడానికి కూడా లైసెన్సు కావాలి, లేకపోతే 25వ సెక్షన్ కింద ఏడాది నుంచి మూడేళ్ల జైలు. పాత బాకులు కొని అమ్మే సరదా ఉన్నవాళ్లు ఈ రెండూ చదువుకోవాలి.

ఈ 9 అంగుళాల లెక్క చూసి ‘మనది మూడంగుళాలే కదా’ అని ధీమా పడటమే చాలామంది చేసే పొరపాటు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం బటన్ నొక్కితే తెరుచుకునేవి, స్ప్రింగువి, ఇంకా యాంత్రికంగా తెరుచుకునే చాకుల్లో బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, కేసు. రాంపురీ చాకు పుట్టిన ఉత్తరప్రదేశ్‌లో 1990లలో నాలుగున్నర అంగుళాలు దాటిన బ్లేడుని నిషేధించారు. కొలత రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, పోలీసు చూపు మాత్రం ఎక్కడైనా ముందు తెరుచుకునే తీరు మీద పడుతుంది. గోరు పెట్టి రెండు చేతులతో తెరిచేదానికీ, బటన్‌తో ఎగిరి తెరుచుకునేదానికీ మధ్య తేడా జడ్జి దాకా వెళ్లక్కర్లేదు, చెక్‌పోస్టు దగ్గరే తేలిపోతుంది. నా మటుకు బటన్ చాకు, పిడి రెండుగా విడిపోయి తెరుచుకునే సీతాకోకచిలుక చాకు సేకరణలోకే రానివ్వను. వాటితో ఏం కోస్తారని అడిగితే చెప్పడానికి జవాబు లేదు.

కొలతకంటే ముఖ్యమైనది రోజు. గొడవల సమయంలో మేజిస్ట్రేట్ ఇచ్చే నిషేధాజ్ఞలు ఇదివరకు సీఆర్‌పీసీలో 144వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 163. 2022 మే నెలలో అమలాపురం అది చూసింది. అలాంటి ఆజ్ఞ అమల్లో ఉండగా ఆయుధాలు పట్టుకు తిరగొద్దన్నప్పుడు, బొండాల కత్తి కూడా బండి దగ్గరుంటే పనిముట్టు, బైకు మీదుంటే ప్రశ్న. ఆజ్ఞ సాధారణంగా రెండు నెలలకు మించదు. ఆ రోజుల్లో జేబు చాకు ఇంట్లో పెట్టి వెళ్లడమే తెలివి. యానాం వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే పుదుచ్చేరి ప్రాంతం, అక్కడి ఆజ్ఞలు అక్కడి అధికారులవి.

సంక్రాంతి ముందు కోడికత్తుల మాట వస్తుంది. చేతిపని బాగుంటుంది, ఉక్కు బాగుంటుంది, సేకరణలో పెట్టాలనిపిస్తుంది. కానీ అది ఇంటి పనిదీ కాదు, పొలం పనిదీ కాదు, దాని పని ఒక్కటే. జంతుహింస నిరోధక చట్టం 1960 ఆ పందేలనే నేరమంటుంది, డబ్బు పెడితే 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం కలుస్తుంది. భోగికి ముందు పోలీసులు కత్తుల కోసం వెతికే రోజుల్లో ‘ప్రదర్శనకు పెట్టుకున్నానండీ’ అనే మాట ఎవరూ నమ్మరు.

వెంట పెట్టుకునేవాళ్లకి నా లెక్క ఇది. ఒక్కటే చాకు, బ్లేడుకి తాళం లేని చిన్నది, 58 మిల్లీమీటర్ల విక్టోరినాక్స్ క్లాసిక్ లాంటిది, తాళాల గుత్తికి. దారం తెంపడానికి, పార్సిల్ విప్పడానికి, మామిడిపండు కోయడానికి అది చాలు. పెద్దది కావాల్సిన రోజున చేతికందే జేబులో కాకుండా పనిముట్ల సంచిలో, అంటు కట్టే టేపు, కొమ్మలు కత్తిరించే సికేచర్ పక్కన వెళ్లాలి. బస్సులో సీటు మీద కూర్చుని తెరిచి యాపిల్ కోసుకోకండి, పక్కవాడికి మీ బ్లేడు పొడవు కనిపిస్తుంది, మీ యాపిల్ కనిపించదు. కోర్టు, పరీక్షా కేంద్రం, అలిపిరి తనిఖీ, మెట్రో స్టేషన్: వీటికి వెళ్లే రోజు గుత్తి నుంచి తీసేయాలి.

విమానం ఎక్కేవాళ్లకి ఒకటే సూత్రం, చాకు చేతి సంచిలో ఉండకూడదు, చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టుకోవాలి. మధురపూడిలోనో గన్నవరంలోనో స్కానర్ దగ్గరికి వెళ్లాక గుత్తికున్న చాకు గుర్తొస్తే రెండు దారులే. సామాను ఇంకా లోపలికి వెళ్లకపోతే కౌంటర్‌కి తిరిగి వెళ్లి అందులో వేయించుకోవడం, లేదా దింపడానికి వచ్చినవాళ్లు ఇంకా బయటే ఉంటే వాళ్ల చేతికి ఇచ్చి పంపేయడం. అందుకే గుత్తికి చాకుని గట్టి రింగుతో కాకుండా ఒక్క వేలితో ఊడదీసే చిన్న కొక్కేనికి తగిలించుకుంటే మంచిది. వరసలో నిలబడి గోళ్లతో రింగు విప్పుకునే టైము ఉండదు.